రాలేదు సార్!

ఫిబ్రవరిలో ఓ రాత్రి పదిన్నరకి మా మేనకోడలు ఫోన్ చేసింది. ఇంటర్ సెకండియర్. ప్రాక్టికల్స్‌కి వారమే ఉంది, రికార్డులో ఇంకా రెండు ప్రయోగాలకి సంతకం పడలేదు.

“మామయ్యా, లోలకంలో జి విలువ రావట్లేదు.”

“ఎంతొచ్చింది?”

“951. మళ్లీ చేశాను. మళ్లీ అక్కడికే వచ్చింది.”

జి అంటే గురుత్వ త్వరణం, లోలకం ఊగే కాలం కొలిచి లెక్క కడతారు. సెంటీమీటర్లలో అది 980 దగ్గర రావాలి. నేను పద్దెనిమిదేళ్లు జూనియర్ కాలేజీల్లో ఫిజిక్స్ చెప్పినవాణ్ణి. ఆలోచించకుండా నా నోట్లోంచి వచ్చిన మాట ఇదీ: “రీడింగులు కాస్త అటూ ఇటూ చేసి 978 వచ్చేలా రాసెయ్ తల్లీ. కచ్చితంగా 980 మాత్రం పెట్టకు, అనుమానం వస్తుంది.”

పక్కనే బట్టలు మడతపెడుతున్న మా ఆవిడ తలెత్తి చూసింది. “పిల్లకి దొంగలెక్క నేర్పుతున్నారా?” అంది. “అందరూ చేసేదేగా” అన్నాను. ఆ సమాధానం నాకే నచ్చలేదు.

నచ్చకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. సరిగ్గా ఆ రోజుల్లోనే నేను ఆర్సెనిక్ బ్యాక్టీరియా గొడవ గురించి చదువుతున్నాను. భాస్వరం బదులు ఆర్సెనిక్ వాడుకుని బతికే బ్యాక్టీరియా దొరికిందన్న పరిశోధన పేపర్ అది. 2010లో అంత హడావిడి చేసిన ఆ పేపర్‌ని ‘సైన్స్’ పత్రిక 2025 జూలైలో వెనక్కి తీసుకుంది. ఆ కథ మొత్తంలో నాకు బాగా నచ్చిన మనిషి రోజీ రెడ్‌ఫీల్డ్ అనే కెనడా శాస్త్రవేత్త. ‘నేను చేస్తే రాలేదు’ అన్న ఒక్క మాట గట్టిగా చెప్పడం కోసం ఆవిడ ఏడాదిన్నర కష్టపడ్డారు. ఆవిడ గురించి చదివి మురిసిపోతున్న నేను, ఇంట్లో పిల్ల అదే మాట అంటే నోరు మూయించాను. ఈ పోస్టు ఆ ఇబ్బందిలోంచి రాస్తున్నది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. సైన్సు వార్త ఏదైనా సరే, ‘వచ్చింది’ అన్న రోజున సగం వార్తే. ఇంకో ఊళ్లో ఇంకెవరో అదే పని చేసి ‘మాకూ వచ్చింది’ అనో, ‘మాకు రాలేదు, ఎందుకంటే...’ అనో చెప్పిన రోజున మిగతా సగం వస్తుంది. ఆ రెండో సగానికి మనం జీతం ఇవ్వం, పేరు ఇవ్వం, పేపర్లో చోటు ఇవ్వం. మార్కులు అసలే ఇవ్వం.

తేలీ తేలని పెంకు

2023 జూలై చివర్లో మా పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో ఓ వీడియో వచ్చింది. అయస్కాంతం మీద గోరంత బూడిదరంగు పెంకు. ఒక అంచు గాల్లో లేచి ఉంది, ఇంకో అంచు అయస్కాంతానికి ఆనుకునే ఉంది. ఎల్‌కే-99. “సార్, ఇక కరెంటు బిల్లు కట్టక్కర్లేదా?” అని ఓ కుర్రాడు. వాడిప్పుడు బ్యాంకు మేనేజరు. నేనూ ఆ రోజు గంభీరంగా ఏమీ మాట్లాడలేదు. ఆ వీడియో ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు.

సియోల్‌లో సుక్‌బే లీ, జి-హూన్ కిమ్ అనే ఇద్దరూ 1999 నుంచీ దాని వెంట పడ్డారు. పేరు అందులోంచే వచ్చింది, లీకి ‘ఎల్’, కిమ్‌కి ‘కే’, పక్కన సంవత్సరం. సూపర్‌కండక్టర్ అంటే నిరోధం ఏమాత్రం లేకుండా కరెంటుని పోనిచ్చేది, అయస్కాంతం మీద తేలగలిగేది. మామూలుగా విపరీతమైన చలిలోనే పనిచేస్తుంది. మామూలు వాతావరణ పీడనంలో, 127 డిగ్రీల సెల్సియస్ వరకూ కూడా ఇది సూపర్‌కండక్టరే అన్నారు. అంటే మరిగే నీళ్లలో వేసినా నిరోధం సున్నాయే ఉండాలి. అందరికీ పిచ్చెక్కించింది తయారీ పద్ధతి. సీసం సమ్మేళనాలు, రాగి, భాస్వరం. పొడి చేయడం, గొట్టంలో పెట్టి గాలి తీసేసి మూతి కరిగించి మూసేయడం, 925 డిగ్రీల దగ్గర కొలిమిలో ఉంచడం. ఓ మాదిరి ఎమ్మెస్సీ లాబులో ఉండే సామానుతో అయ్యే పని. వారం తిరక్కుండానే లోకమంతా కొలుములు వెలిగించింది. కాలిఫోర్నియాలో ఓ ఇంజనీరు పని మధ్యలోనే లైవ్ పెట్టాడు. జనం క్రికెట్ మ్యాచ్ చూసినట్టు కొలిమి చూశారు.

మన దగ్గర ఢిల్లీలో నేషనల్ ఫిజికల్ లాబొరేటరీలో వి.పి.ఎస్. అవానా బృందం మొదటి వరసలోనే ప్రయత్నించి, సూపర్‌కండక్టివిటీ కనబడలేదని చెప్పేసింది. ఆ వార్త మా గ్రూపులో పెడితే ఒక్కడూ స్పందించలేదు. ఒకడు మాత్రం “మనవాళ్లకి చేయడం రాలేదేమో సార్” అన్నాడు.

ఆ మాటకి అప్పుడు కోపం వచ్చింది కానీ, తర్వాత ఆలోచిస్తే వాడి ప్రశ్న న్యాయమైనదే. ‘రాలేదు’ అనేది చాలా చవకైన మాట. మా ఇంట్లో నాకు పూతరేకులు చేయడం రాదు. అంతమాత్రాన ఆత్రేయపురంలో పూతరేకులు లేవని తేల్చలేను కదా. కొరియావాళ్లూ సరిగ్గా ఈ జవాబే చెప్పుకోవచ్చు, మీ చేతికి పాకం కుదరలేదని. ఢిల్లీ ఫలితంతో కథ ముగియకపోవడానికి కారణం ఇదే. ముగించినవాళ్లు వేరే పని చేశారు.

ఇల్లినాయ్ యూనివర్సిటీలో ప్రశాంత్ జైన్ అనే రసాయన శాస్త్రవేత్త కొరియా పేపర్లో ఒక్క అంకె దగ్గర ఆగిపోయాడు. 104.8 డిగ్రీలు. అక్కడ నిరోధం ఒక్కసారిగా పదోవంతుకి పడిపోతోంది. ఈ అంకె నేనెక్కడో చూశానే అనుకున్నాడు. చూసింది కాపర్ సల్ఫైడ్‌తో పనిచేసిన రోజుల్లో. ఆ పదార్థం దాదాపు అదే ఉష్ణోగ్రత దగ్గర ఒక స్ఫటిక నిర్మాణం నుంచి ఇంకో దానికి మారుతుంది, మారేటప్పుడు నిరోధం ధబ్‌మని పడుతుంది. మరి కాపర్ సల్ఫైడ్ ఎక్కణ్ణుంచి వచ్చింది? తయారీ సమీకరణం రాసి చూస్తే, ఒక వంతు ఎల్‌కే-99 తయారైనప్పుడల్లా 17 వంతుల రాగి, 5 వంతుల గంధకం మిగిలిపోతున్నాయి. రెండింటినీ ఒకే గొట్టంలో వేసి కాలిస్తే ఏమవుతుందో టెన్త్ పిల్లలకి కూడా తెలుసు.

బీజింగ్‌లో జియాన్‌లిన్ లువో బృందం రెండు రకాల నమూనాలు చేసింది. ఒకదాంట్లో కాపర్ సల్ఫైడ్ 5 శాతం, ఇంకోదాంట్లో 70 శాతం. 5 శాతం ఉన్నదాన్ని చల్లబరిస్తే నిరోధం నిదానంగా పెరిగింది. 70 శాతం ఉన్నది అచ్చం కొరియా గ్రాఫులాగే కిందికి పడింది. జర్మనీలో స్టుట్‌గార్ట్‌లోని మాక్స్ ప్లాంక్ సంస్థవాళ్లు ఇంకో మెట్టు ఎక్కి, గంధకం ఊసే లేకుండా స్వచ్ఛమైన ఎల్‌కే-99 స్ఫటికం పెంచారు. లేత ఊదారంగులో, గాజులా పారదర్శకంగా వచ్చింది. నిరోధం మిలియన్ల ఓమ్‌లలో. సూపర్‌కండక్టర్ సంగతి దేవుడెరుగు, అది కరెంటునే పోనివ్వని బంధకం. తేలిన వీడియోకి కూడా జవాబు దొరికింది. డెరిక్ వాన్‌జెనెప్ అనే ఆయన గ్రాఫైట్ రజనుకి ఇనుప రజను జిగురుతో అంటించి, అయస్కాంతం మీద పెట్టి, అచ్చం అలాగే ఓ అంచు లేపి చూపించాడు.

మూడు వారాల్లో తేలిపోయింది. ఇందులో ఎవరూ ఎవరినీ మోసగాడనలేదు. కొరియావాళ్లు చూసిన పతనం నిజంగానే ఉంది. దానికి కారణం వాళ్లు అనుకున్నది కాదు, అంతే. ఆ కారణాన్ని పట్టుకుని బల్ల మీద పెట్టాకే ‘రాలేదు’ అన్న మాటకి బరువు వచ్చింది.

రెండు సెంటీమీటర్లు

ఫోన్ చేసిన మర్నాడు పొద్దున్నే మేనకోడలికి మెసేజ్ పెట్టాను, రీడింగుల పేజీ ఫోటో తీసి పంపమని. నాలుగు పొడవులకి చేసింది. 50 సెంటీమీటర్లకి జి 941. 60కి 947. 80కి 955. 100కి 961. సగటు 951.

చేతి పొరపాట్లు ఇలా ఉండవు. స్టాప్‌క్లాక్ నొక్కడంలో తేడా వస్తే విలువలు ఓసారి పైకి, ఓసారి కిందికి గెంతుతాయి. ఇవి బడిపిల్లల వరసలా పొట్టి నుంచి పొడుగుకి నిలబడ్డాయి. దారం పొడవయ్యేకొద్దీ తప్పు తగ్గుతోంది. అంటే ప్రతిసారీ ఒకే కొంచెం పొడవు ఎక్కడో లెక్కలోంచి జారిపోతోంది.

“దారం ఎక్కణ్ణుంచి ఎక్కడిదాకా కొలిచావు?”

“పైన బిరడా నుంచి కింద ముడిదాకా.”

“గుండు?”

కాసేపు అటు నుంచి చప్పుడు లేదు. “అయ్యో” అంది.

గుండుకి ఉన్న కొక్కెం, గుండు వ్యాసార్ధం, రెండూ కలిపి రెండు సెంటీమీటర్ల చిల్లర. 50లో రెండు పోతే నొప్పి ఎక్కువ, 100లో పోతే తక్కువ. ఆవర్తన కాలం వర్గానికీ పొడవుకీ గ్రాఫు గీసి చూడమన్నాను. మూలబిందువు గుండా పోవాల్సిన గీత రెండు సెంటీమీటర్లు పక్కకి జరిగి ఉంది. దాని వాలుతో లెక్క కడితే జి 982 వచ్చింది. దాని ‘తప్పు’ రీడింగుల్లోనే సరైన జవాబూ ఉంది, తప్పు ఎక్కడుందో చెప్పే గుర్తూ ఉంది. ముందు రాత్రి నేను వాటినే చెరిపెయ్యమన్నాను.

ఇక్కడో పిడకలవేట. మన రికార్డుల్లో అందరం రాసే 980 మన ఊరి విలువ కూడా కాదు. 1901లో తూనికలు కొలతల అంతర్జాతీయ సభలో ప్రామాణికంగా పెట్టుకున్న 980.665కి అది కుదింపు. దాదాపు 45 డిగ్రీల అక్షాంశం దగ్గర సముద్రమట్టంలో ఉండే విలువ అన్నమాట. భూమధ్యరేఖ వైపు జరిగేకొద్దీ జి తగ్గుతుంది, కృష్ణా తీరంలో లెక్క కడితే 978.4 దగ్గర ఉంటుంది. మన లాబులో ఉండే దారానికీ స్టాప్‌క్లాక్‌కీ ఆ తేడా పట్టే శక్తి లేదు, నిజమే. కానీ ఊరూరా వేల రికార్డుల్లో పిల్లలు యూరప్ జి విలువని ఇక్కడ కొలిచినట్టు రాస్తున్నారంటే నవ్వొస్తుంది. నేను కూడా రాశాను. డిగ్రీలో నేను 980 నుంచి వెనక్కి లెక్క కట్టి, ఆవర్తన కాలం రాబట్టి, చివరి అంకెని కాస్త చెదరగొట్టేవాణ్ణి. చెదరగొట్టడంలో మా బ్యాచ్‌లో నాకు మంచి పేరుండేది.

గ్రాఫులో గజిబిజి

అలా చెదరగొట్టడం అంత తేలిక కాదని తర్వాత ఎన్నో రికార్డులు దిద్దాక తెలిసింది. మనిషి ఊహించి రాసిన అంకెలకి ఓ వాసన ఉంటుంది. చివర సున్నాలూ ఐదులూ ఎక్కువ. ఒకసారి ఓ బ్యాచ్‌లో పదకొండు రికార్డుల్లో 39.6 కొట్టేసి పైన 39.8 అని దిద్ది ఉంది, పదకొండింటిలోనూ అదే వరసలో. కొట్టివేత కూడా కాపీ కొట్టారు.

ఇలాంటిదే 2018లో బెంగళూరు పేరుతో లోకమంతా చూసింది. ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో దేవ్ కుమార్ థాపా, అంశు పాండే బంగారంలో పొదిగిన వెండి నానోకణాలు మైనస్ 37 డిగ్రీల దగ్గరే సూపర్‌కండక్టర్ అవుతున్నాయని జూలైలో ఓ ప్రీప్రింట్, అంటే ఇంకా పత్రికలో అచ్చవని పేపర్, పెట్టారు. కొన్నాళ్లకి ఎంఐటీలో బ్రయన్ స్కిన్నర్ అనే కుర్ర భౌతిక శాస్త్రవేత్త గ్రాఫుని పెద్దది చేసుకుని చూశాడు. వేర్వేరు అయస్కాంత క్షేత్రాల్లో కొలిచిన చుక్కల వరసలు అవి. అసలు సంకేతం ఒకేలా ఉండొచ్చు, ఉండాలి కూడా. కానీ చుక్కల గజిబిజి, అంటే పరికరం వణుకులోంచి వచ్చే నాయిస్, ఎప్పుడూ ఒకేలా ఉండకూడదు. ఆకుపచ్చ చుక్కలు ఎక్కడెక్కడ పైకి కిందికి ఊగాయో, నీలం చుక్కలూ అక్కడక్కడే అలాగే ఊగాయి. వరస మొత్తాన్ని ఎత్తి కాస్త కింద పెట్టినట్టుంది. స్కిన్నర్ ఎవరినీ తిట్టలేదు. ఇది వింతగా ఉంది, నాకు అర్థం కాలేదు అని రాశాడు. ఆ తర్వాత బెంగళూరు బృందం ఇంకొందరిని కలుపుకుని, 2019లో మరింత డేటాతో పేపర్‌ని మార్చి రాసింది. అయినా ఆ ఫలితం సూపర్‌కండక్టివిటీగా ఎక్కడా స్థిరపడలేదు. ఎవరి మీదా నేరం మోపడానికి ఇది రాయడం లేదు. స్కిన్నర్‌కి లాబు లేదు, కొలిమి లేదు. అందరూ గీత వైపు చూస్తుంటే అతను చుక్కల వైపు చూశాడు.

మోసమని తేలిన కేసు వేరే ఉంది. అమెరికాలో రోచెస్టర్ యూనివర్సిటీలో, గది ఉష్ణోగ్రతలోనే సూపర్‌కండక్టర్ వచ్చిందన్న రంగా డయాస్ పేపర్లు. 2020లో ‘నేచర్’లో వచ్చింది 2022లో వెనక్కి పోయింది, 2023 మార్చిలో వచ్చింది అదే నవంబరులో పోయింది. రెండోదాన్ని వెనక్కి తీసుకోమని అడిగినవాళ్లలో ఆయన సహరచయితలే ఎనిమిదిమంది. యూనివర్సిటీ విచారణలో పరిశోధనా దుష్ప్రవర్తన రుజువైంది. దాని మీద చాలామంది రాశారు, నాకు అంతగా ఆసక్తి లేదు. దొంగ దొరకడం మంచి కథే కానీ, నన్ను తొలిచేది దొంగలు కాని మనలాంటివాళ్ల సంగతి.

అలా అయితే కొత్తది ఎవరు నమ్ముతారు?

ఓ స్నేహితుడితో ఇదంతా చెబితే అతను వేసిన ప్రశ్న ఇది. ప్రతిదానికీ ‘రాలేదు, రాలేదు’ అంటూ కూర్చుంటే కొత్తది పుట్టేదెలా? పెద్దపెద్ద ఆవిష్కరణలన్నీ మొదట్లో పిచ్చి మాటలే కదా?

దానికి నా దగ్గర ఓ జవాబు, ఓ సగం జవాబు ఉన్నాయి.

మొదటిది 1986 నాటిది. జ్యూరిక్ దగ్గర ఐబీఎం లాబులో బెడ్నార్జ్, ముల్లర్ ఇద్దరూ ఓ పింగాణీలాంటి ఆక్సైడ్ సూపర్‌కండక్టర్ కావచ్చని రాశారు. శీర్షికలోనే ‘కావచ్చు’ అని పెట్టుకున్నంత భయం. అప్పటికి పింగాణీ అంటే కరెంటు స్తంభం మీద బిళ్ల, కరెంటు పోకుండా ఆపేది. ఎవరూ నమ్మాల్సిన పని లేదు. కానీ ఆ ఏడాది చివరికల్లా టోక్యోలో వచ్చింది. 1987 మొదట్లో అమెరికాలో ఇంకో ఆక్సైడ్‌తో 93 కెల్విన్ (మైనస్ 180 డిగ్రీలు) దాకా వచ్చింది. కొద్ది వారాల్లోనే బెంగళూరులో సి.ఎన్.ఆర్. రావు బృందం కూడా ఆ పదార్థాన్ని చేసి, అందులో అసలు పని చేస్తున్న భాగం ఏదో గుర్తించింది. కాలిఫోర్నియాలో ఓ హైస్కూలు పిల్లలు కూడా చేసి అయస్కాంతాన్ని తేల్చారు. అదే ఏడాది అక్టోబరులో బెడ్నార్జ్, ముల్లర్‌లకి నోబెల్. నిజమైనది అయితే పరీక్ష దాన్ని ఆపదు, వంద చేతుల మీదుగా ముందుకి తోస్తుంది. ఎల్‌కే-99కి పెట్టిన పరీక్షే దానికీ పెట్టారు.

సగం జవాబు డాన్ షెక్ట్‌మన్ గురించి. 1982లో ఆయన అల్యూమినియం మిశ్రలోహంలో ఉండకూడని అమరిక చూశాడు. స్ఫటికాల్లో చుట్టులో పదో వంతు తిప్పితే మళ్లీ అదే బొమ్మ రావడమేమిటని నవ్వారు. రెండు నోబెల్‌లు వచ్చిన లైనస్ పాలింగ్ అయితే బతికున్నంతకాలం ఒప్పుకోలేదు. 2011లో షెక్ట్‌మన్‌కి నోబెల్ వచ్చింది. ఈ కథ చెప్పి నా స్నేహితుడు గెలిచినట్టు చూశాడు. కానీ షెక్ట్‌మన్ ఫలితం అచ్చయ్యాక వేరే లాబులవాళ్లు చేసి చూస్తే వచ్చింది. పాలింగ్ అన్న ‘కాదు’ ప్రయోగం బల్ల దగ్గర్నుంచి వచ్చింది కాదు, పెద్దరికం కుర్చీలోంచి వచ్చింది. నేను వెనకేసుకొస్తున్న ‘రాలేదు’కీ దానికీ ఆ తేడా ఉంది. అయినా దీన్ని సగం జవాబు అనడానికి కారణం, కుర్చీలోంచి వచ్చిన మాట ఏదో, బల్ల దగ్గర్నుంచి వచ్చినదేదో ఆ రోజు విన్నవాళ్లకి తెలియదు. మొదటి రెండేళ్లు పేపర్ అచ్చుకే నోచుకోలేదు. ఆ రెండేళ్లకి నా దగ్గర సమాధానం లేదు.

వెనక్కి తీసుకోవడం

ఆర్సెనిక్ సంగతికి వస్తాను. కాలిఫోర్నియాలోని మోనో సరస్సులో దొరికిన బ్యాక్టీరియా తన డీఎన్ఏలో భాస్వరం బదులు ఆర్సెనిక్ వాడుకుంటోందని 2010 డిసెంబరు 2న నాసా ప్రెస్ మీట్ పెట్టింది. రెండు రోజుల్లో రోజీ రెడ్‌ఫీల్డ్ తన బ్లాగులో తప్పులు ఏరి పెట్టారు. డీఎన్ఏని సరిగ్గా కడగలేదు, వాడిన లవణాల్లోనే బ్యాక్టీరియా బతకడానికి సరిపడా ఫాస్ఫేట్ (భాస్వరం లవణం) మలినంగా ఉంది అని. ఇక్కడి దాకా చేసేవాళ్లు చాలామంది. ఆవిడ అక్కడ ఆగలేదు. ఆ బ్యాక్టీరియానే తెప్పించుకుని తన లాబులో పెంచారు. ఏ రోజు ఏ సీసాలో ఏం పెరిగింది, ఏది పాడైంది, అన్నీ బ్లాగులో రాస్తూ పోయారు. ప్రిన్స్‌టన్ వాళ్లతో కలిసి శుభ్రంగా కడిగిన డీఎన్ఏ చూస్తే ఆర్సెనిక్ లేదు. 2012లో అదే ‘సైన్స్’ పత్రికలో అచ్చయింది.

నా లెక్కలో అక్కడితో సైన్సు తన పని చేసేసింది. పదమూడేళ్ల తర్వాత పత్రిక మొదటి పేపర్‌ని వెనక్కి తీసుకోవడం నాకు అంత రుచించలేదు. మోసం జరగలేదని పత్రికే చెప్పింది. ప్రయోగాలు ప్రధాన నిర్ధారణని నిలబెట్టడం లేదు కాబట్టి తీసేస్తున్నామంది. రచయితలు ఒప్పుకోలేదు. ఈ లెక్కన తప్పని తేలిన ప్రతి పాత పేపర్నీ తీసేస్తూ పోతే, దొంగ పేపరుకీ పొరపాటు పేపరుకీ నుదుట ఒకే ముద్ర పడుతుంది. 2023లో ఒక్క ఏడాదే ప్రపంచం మొత్తం మీద పదివేలకి పైగా పేపర్లు వెనక్కి పోయాయి. అందులో చాలా భాగం డబ్బులకి పేపర్లు రాసిపెట్టే దుకాణాల సరుకు. ఆ గుట్టలో మోనో సరస్సు పేపర్ని పడేయడం న్యాయమా అని నా సందేహం. మేనకోడలి రికార్డులో 951ని చెరిపేయమన్నవాణ్ణి కాబట్టి, చెరపడం మీద నాకు ఈమధ్య కొంచెం పట్టింపు పెరిగింది.

ఎదుటివాళ్ల వాదనా ఉంది. పేపర్ అలాగే వదిలేస్తే, తర్వాత వచ్చిన ఖండన చదవకుండా దాన్నే ఉదహరించేవాళ్లుంటారు. నిజమే. దానికి పేపర్ తలమీద ఖండన లింకు పెద్ద అక్షరాలతో పెడితే సరిపోదా అంటాను. సరిపోదు అని నాకంటే తెలిసినవాళ్లు అంటున్నారు. వాళ్లే రైటేమో.

చూసేవాళ్లకి ఎవరు ఇస్తారు?

రెడ్‌ఫీల్డ్ అప్పటికే పేరున్న ప్రొఫెసర్, ఏడాదిన్నర ఖర్చు పెట్టగలిగారు. మన పీహెచ్‌డీ కుర్రాడు తన గైడు దగ్గరికెళ్లి “సార్, ఫలానావాళ్ల ప్రయోగం మళ్లీ చేసి చూస్తాను” అంటే ఏం వినాల్సి వస్తుందో నాకు తెలుసు, ఎమ్మెస్సీ అయ్యాక ఆ గుమ్మం దాకా వెళ్లి వచ్చినవాణ్ణే. “వాళ్లు చేసేశారుగా, నీకు కొత్తేముంది?” వస్తే ‘కొత్త కాదు’. రాకపోతే ‘నీకు చేతకాలేదు’. ఎటు తిరిగినా పేపరు లేదు, పేపరు లేకపోతే ఉద్యోగం లేదు.

డబ్బు పెట్టి పూనుకున్నవాళ్లకీ తిప్పలే. క్యాన్సర్ పరిశోధనల్లో పేరుపడ్డ 53 పేపర్లు తీసుకుని, 193 ప్రయోగాలు తిరిగి చేద్దామని అమెరికాలో ఓ పెద్ద ప్రాజెక్టు నడిచింది. 2021లో ఫలితాలు వచ్చేసరికి చేయగలిగినవి 23 పేపర్లలోని 50 ప్రయోగాలు. ఆ 193లో ఒక్కదానికీ పేపర్లో రాసింది చూసి ఉన్నదున్నట్టు చేసేంత వివరం లేదట. ఒక్కదానికీ! మా అమ్మ ఆవకాయ కొలత చెప్పినట్టు, ‘చూసుకుని వెయ్యి’ అని రాసుంటారు కాబోలు.

మన టీవీలూ పేపర్ల గురించి రెండు ముక్కలు. 2025 ఏప్రిల్‌లో కేంబ్రిడ్జ్‌లో నిక్కు మధుసూదన్ బృందం 124 కాంతి సంవత్సరాల దూరంలోని కే2-18బీ గ్రహం గాలిలో జీవులు వదిలే వాయువు ఆనవాళ్లు ఉండొచ్చని అంది. ఆయనే మూడు సిగ్మా (సంకేతం ఎంత గట్టిదో చెప్పే కొలత, ఖాయమనాలంటే ఐదు కావాలి) దగ్గరున్నాం, ఇంకా చూడాలి అని చెప్పుకున్నాడు. మన దగ్గర ‘మరో భూమి దొరికింది’ అయి కూర్చుంది. తర్వాత వేరేవాళ్లు అదే డేటా తిప్పి చూసి సంకేతం అంత గట్టిగా లేదన్నది మా ఇంటికొచ్చే పేపర్లో నాకు కనబడలేదు. జ్యోతిషం కాలమ్‌కి రోజూ చోటుంటుంది, దాని కింద రెండు అంగుళాలు అడుగుతున్నాను, అంతే. నెల క్రితం రాసిన సైన్సు వార్త ఏమైందో చెప్పడానికి.

రికార్డు ఏమైందంటే

మేనకోడలు రీడింగులు మార్చలేదు. 951 అలాగే రాసి, కింద గ్రాఫు అంటించి, కొక్కెం, గుండు కలపకపోవడం వల్ల రెండు సెంటీమీటర్ల తేడా వచ్చిందని, వాలు నుంచి 982 వస్తోందని తన మాటల్లో ఆరు లైన్లు రాసింది. నాకు భయంగానే ఉంది. సంతకం పడకపోతే అక్క నన్ను బతకనివ్వదు.

రికార్డు తిరిగొచ్చింది. 951 చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా, పక్కన ప్రశ్నార్థకం. కింది ఆరు లైన్ల మీద ఏ గుర్తూ లేదు. చదివినట్టు లేరు. సంతకం మాత్రం ఉంది.

పరీక్ష రోజు చీటీ తీస్తే లోలకం రాలేదు, కుంభాకార కటకం వచ్చింది. సాయంత్రం ఫోన్ చేసింది. నాభ్యంతరం 14.6 సెంటీమీటర్లు వచ్చిందట. లాబ్ అసిస్టెంట్ పక్కగా వెళుతూ ‘పదిహేను’ అని చెవిలో వేసి పోయాడట.

“ఏది రాశావు?” అన్నాను.

“చెప్పను మామయ్యా” అంది, నవ్వుతూ.